ఇంటికి పెట్టిన మొకం

పోయిన వారం రోడ్డు వెడల్పు చేసేటోళ్ళు సూర్యాపేటల మా అక్క ఇంటి ముందుభాగం జేసీబీతోని కూలగొట్టిన్రు. నేను కోదాడల బస్సెక్కి పోయేసరికి ఇల్లు ఇల్లంతా బజారుకు కనపడుతున్నది. బావ ఆ దుమ్ములనే కుర్చీ ఏసుకొని తల వంచుకొని కూసున్నడు. ఆయన్ని తిట్టనీకి గూడ నాకు ఓపిక లేకపాయె.

ఆ ఇంటికి ఆ మొకం పెట్టి పన్నెండేండ్లు. ఎదురింటోళ్ళు అద్దాలు పెట్టి రెండంతస్తులు లేపిన్రని బావకు నిద్ర పట్టలే. "వాళ్ళకు బంగ్లా, మనకు పెంకుటిల్లా? ఇజ్జత్ పోతది" అన్నడు. వెనక గది కురుస్తున్నది, ముందుగాల అది సూడమని అక్క మొత్తుకున్నది. ఎవలిన్నరు? మేస్త్రి 'ఎలివేషన్' అన్నడు, అంతే. పెంకుటిల్లు ముందట రెండంతస్తుల గోడ లేచింది. కింద గ్రానైటు, పైన నాలుగు కిటికీలు, ఒక బాల్కనీ. బాల్కనీలకు పోనీకి తలుపే లేదు, కిటికీల వెనక ఆకాశం తప్ప ఏం లేదు. పైన పటారం లోన లొటారం అంటే అదే. ఒకనాడు కాలేజీ సారొకాయన వచ్చి, పై పోర్షన్ కిరాయికి ఇస్తరా అని అడిగిండు. "అండ్ల మావోళ్ళుంటరు" అన్నడు బావ. "ఔ, పావురాలు" అన్నది అక్క లోపల్నుంచి.

నవ్వుకున్నం గని, అక్క బతుకు ఆ గోడెనకనే ఆగింది. గుట్టు బయటపడ్తదని ఎవ్వర్నీ లోపటికి రానియ్యొద్దన్నడు బావ. బొట్టు పెట్టుడు, పండు ఇచ్చుడు, మంచీ చెడూ అన్నీ గేటు కాడనే. నలుగురిల కూసొని ముచ్చట పెట్టేటి మనిషి, కురిసే సోట్ల గిన్నెలు పెట్టుకుంట ఒక్కతే ఉండె. "ఒక్క ఆడమనిషన్న నా ఇంట్ల కూసొని చాయ్ తాగాలెరా తమ్మీ" అన్నది నాతోని ఒకపారి. బావకు ఎదురు చెప్పలేక ఊకున్న, అది నా తప్పే.

ఇగ గోడ కూలినంక నేను పోయిన ఆ పొద్దు, మట్టిపెల్లలు దాటుకుంట ఎదురింటామె వచ్చింది, చేతిల చాయ్ ఫ్లాస్కు పట్టుకొని. తిన్నగ వంటింట్లకు పోయి పీట ఏసుకొని కూసున్నది. ఆమె పాసిపట్టిన గోడల దిక్కు సూస్తుంటే అక్క సిగ్గుతోని కొంగు నోట్ల కుక్కుకున్నది.

"ఏడుస్తవెందుకు వదినా? వచ్చే వారం మా అద్దాలు తీస్తరు, అప్పుడు సూడు. మాది సుత ఉత్త గోడనే. వెనకంత రేకుల షెడ్డు. మా ఆయన సుత ఎవర్నీ రానియ్యలే."

అక్క నవ్విందో ఏడ్సిందో తెల్వలే, చాయ్ మాత్రం ఇద్దరు పోసుకొని తాగిన్రు. ఇరవై అడుగుల బజారు దాటనీకి ఆ ఇద్దరాడోళ్ళకు పన్నెండేండ్లు పట్టింది. వాళ్ళ నడి ఈడంత గోడల వెనకాలనే గడ్సిపాయె.