పెరటి మట్టి సంచి

కిందటి నెల మా మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు, నన్ను బందరు రోడ్డులో ఒక కాలేజీ హాలుకి తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టింది. పరిశోధనలు చేసేవాళ్ళు తాము చేస్తున్న పని గురించి మామూలు జనానికి ఏడేసి నిమిషాల్లో చెప్పే సభ అది. వేదిక కింద ఎర్ర అంకెల గడియారం ఒకటి సెకన్లు తగ్గించుకుంటూ పోతోంది. నాకు మొదటినుంచీ అనుమానమే, ఏళ్ళ తరబడి చేసిన పనిని ఏడు నిమిషాల్లో చెప్పేశారంటే అందులో వదిలేసింది ఎంతో, ఆ వదిలేసినదాంట్లో ఏముందో అని. దోమల మీద ఒకాయన చెప్పాడు, పాత వంతెనల మీద ఒకావిడ చెప్పింది. అన్నిటికీ జనం చప్పట్లు కొట్టారు, ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు, ఒక్కరంటే ఒక్కరు లేచి ఇదేమిటండీ అని అడగలేదు.

తర్వాత మా పిల్ల వంతు. కృష్ణ కాలవల శివారు భూముల్లోకి ఉప్పు ఎలా పాకుతోందన్నది దాని పరిశోధన. నా మనవరాలని చెప్పడం కాదు గానీ బాగా చెప్పింది. చివర్లో తెర మీద పాత మట్టి పరీక్షల రిజిస్టరు పేజీ ఒకటి వేసి, మా ఊరి పేరు చదివి, నా వైపు చూసి నవ్వింది. ఆ రోజుల్లో చుట్టుపక్కలంతా చౌడెక్కినా, మురుగు కాలవ పక్కనున్న ఈ ఒక్క చేను తట్టుకుని నిలబడిందట. ఇప్పుడక్కడ గడ్డి కూడా మొలవదట. కాబట్టి ఆ చేనుదాకా ఉప్పు వచ్చింది ఈ మధ్యనేనట. హాలంతా చప్పట్లు. నా చేతులు మాత్రం లేవలేదు. ఆ పేజీలో ఉన్న రాత నాది, ఆ చేను మాది, ఆ మట్టి మాత్రం ఆ చేనుది కాదు.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల మాట ఇది. మట్టి పరీక్షలు చేసే కేంద్రంలో సహాయకుణ్ణి. మా పై అధికారి, నేలల శాస్త్రం చదివిన, నేను సారు అని పిలిచే డాక్టరుగారు, సన్నగా పొడుగ్గా ఉండేవారు, జేబులో ఎప్పుడూ వేయించిన వేరుశనగలు ఉండేవి. ఊరూరా తిరిగి, ఒక్కో చేలో ఏడెనిమిది చోట్ల పారతో తవ్వి, ఆ మట్టంతా గోనె మీద కలిపి, అందులో కాస్త గుడ్డసంచిలో పోసి, రైతు పేరూ చేను గుర్తులూ రాసిన చీటీ లోపల వేసి మూతి కట్టి, రిజిస్టరులో ఎక్కించడం నా పని. సారు పని అది పరీక్షించి, మళ్ళీ ఆ ఊరే వచ్చి, సాయంత్రంపూట ఏ రైసు మిల్లు ఆవరణలోనో బల్ల మీద చేతిగడియారం విప్పి పెట్టుకుని సరిగ్గా పావుగంట మాట్లాడటం. దీపంలో వత్తి నూనెను పైకి లాగినట్టు నేల అడుగునున్న ఉప్పుని ఎండ పైకి లాగుతుందని చెప్పేవారు. పెద్ద మాట ఒక్కటీ వాడేవారు కాదు, అయినా ఆయన్ని నమ్మినవాళ్ళు లేరు. మన పెద్దవాళ్ళ సంగతి మీకు తెలియనిదేముంది, ప్యాంటు వేసుకుని ఊళ్ళోకి వచ్చినవాడు ఏదో ఒకటి పట్టుకుపోవడానికే వచ్చాడని వాళ్ళ లెక్క. పావుగంటా విని, ఎవరో ఒకరు తాపీగా అడిగేవారు.

“అంతా బానే ఉంది గానీ, ఇంతకీ మా మట్టి మీకెందుకండీ?”

మంచి నేలని తేలితే నీటి తీరువా పెంచుతారని కొందరు కాలవగట్టు మీది మట్టి ఇచ్చేవారు. చౌడని తేలితే బీడు కింద కట్టి ప్రభుత్వం లాగేసుకుంటుందని ఇంకొందరు పొరుగువాడి చేలో తవ్వించేవారు. మా పెదనాన్నది ఈ రెండో భయం. నాన్న పోయాక నన్ను పెంచి చదివించింది ఆయనే. మా ఊరు వెళ్ళిన రోజు నేను పార తీసుకుని బయల్దేరబోతుంటే, ఎండలో నీకెందుకురా, నేను తెచ్చాగా అని నిండుగా కట్టిన సంచి చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే నల్లగా, మెత్తగా, గుల్లగా ఉంది. పొయ్యి బూడిద, ఒకటి రెండు కోడిగుడ్డు పెంకులు కూడా ఉన్నాయి. మా పెద్దమ్మ బీరపాదు వేసుకునే పెరటి మట్టి అది. పెదనాన్న నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. నేను పెంకులు ఏరి పారేసి, మురుగు కాలవ పక్క చేను అని చీటీ రాసి మూతి కట్టేశాను.

నెల తిరిగాక సారు మా ఊరి మిల్లులో మాట్లాడుతూ, ఈ ఒక్క చేనుకి మాత్రం ఏ బెంగా లేదని సంతోషంగా చెప్పారు. మిగతావాళ్ళని మంచినీళ్ళు పెట్టి నేలని రెండుసార్లు కడగమన్నారు, ఉప్పుకి ఆగే విత్తనం వేయమన్నారు. మాకేమీ చెప్పలేదు. ఆ ఏడు మా నాట్లు కళ్ళముందే పసుపెక్కి చచ్చిపోయాయి. పెదనాన్న అరుగు మీద కూర్చుని, ఆ డాక్టరుకి మట్టీ తెలియదు, మన్నూ తెలియదు అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పాడు. తన మాట తనే నమ్మేశాడో ఏమో, నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మా ఊళ్ళో సారు మాట వినడానికి మళ్ళీ ఎవరూ రాలేదు. సారు మాత్రం వారం రోజులు తిండి సరిగా తినకుండా లెక్కలన్నీ తిరగేసి, తప్పు తన పరీక్షలోనే ఉండి ఉంటుందని తేల్చుకున్నారు. మట్టి తెచ్చినవాణ్ణి ఒక్క మాట అడగలేదు. నేను చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుందనీ, పెదనాన్న పరువు పోతుందనీ భయం. రెండూ మిగిలాయి. తర్వాత సారు బదిలీ అయి వెళ్ళిపోయారు, కొన్నాళ్ళకి పోయారని తెలిసింది.

సభ అయ్యాక ఆటోలో ఇంటికి వస్తూ మా మనవరాలికి ఇదంతా చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. బెంజి సర్కిల్ దాటుతుండగా నా వైపు తిరిగింది.

“నువ్వొక్కడివేనా తాతయ్యా? మిగతా సంచుల సంగతేంటి?”

ఆ పిల్ల నాలుగేళ్ళ కష్టం ఆ రిజిస్టరు మీద కూర్చుని ఉంది. మర్నాడు పేజీలన్నీ అచ్చు తీయించి తెచ్చి నా ముందు పెట్టింది, అనుమానమున్న చోటల్లా పెన్సిలుతో గీత పెట్టమంది. రోజూ పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంటున్నాను. ఇది నేనే తవ్వానా, గట్టు మీదినుంచి తెచ్చిందా, గుమ్మంలో చేతికిచ్చిందా అని నా రాతని నేనే నిలదీస్తున్నాను. గీతలు పెరుగుతున్నాయి. పిల్ల కాఫీ తెచ్చి పక్కన పెట్టి వెళుతుంది.

మన కాలంలో చదువుకున్నవాళ్ళు వచ్చి మాట్లాడితే వింటూనే అనుమానించేవాళ్ళం. ఇప్పుడు హాలు నిండా కూర్చుని విన్నంత నమ్మేసి, ఫలహారం పొట్లం అందుకుని ఇళ్ళకి వెళుతున్నారు. అప్పటి ఆ మొండితనాన్ని తల్చుకుంటే నాకు బెంగగానే ఉంటుంది, అది మాకు చేసిన చెరుపు తెలిసి కూడా. గీతలు పెట్టిన చోటల్లా తీసేసి తన మాటలు మళ్ళీ రాసుకుంటానంది మా మనవరాలు. ఈసారి సభలో నేను లేచి నిలబడి, ఇంతకీ ఈ మట్టి ఎక్కడిదమ్మా అని అందరూ వినేలా అడగాలట. అలాగే అడుగుతానన్నాను. ఆ సాయంత్రం మా ఊరి మిల్లు ఆవరణలో, బల్ల మీద గడియారం పెట్టుకుని నవ్వుతూ నిలబడ్డ సారుని నేను ఆ ఒక్క మాటా అడిగి ఉండాల్సింది.