సాంబశివరావు గారి రెండో శాంపిల్

2023లో నేను విజయవాడలోని ఒక పరిశోధన ల్యాబ్‌లో టెక్నాలజిస్టుగా చేరాను. అప్పుడు అక్కడ నడుస్తున్న ప్రాజెక్టు ప్రశ్న ఒకటే. బరువు ఎక్కువున్న పెద్దవాళ్లు కొన్ని నెలలు ఏరోబిక్ వ్యాయామం చేస్తే, అంటే ఊపిరి వేగం పెరిగేలా ఆగకుండా నడిస్తే, బరువుతో పాటు ఒంట్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ కూడా తగ్గుతుందా?

ఈ మాటకు అర్థం క్లుప్తంగా చెబుతాను. తిన్నది శక్తిగా మారేటప్పుడు శరీరంలో కొన్ని చురుకైన అణువులు పుడతాయి. వాటిని అదుపు చేసే ఏర్పాటు కూడా శరీరానికి ఉంది. పుట్టేవి ఎక్కువై అదుపు చాలకపోతే అవి కణాల పొరల్లోని కొవ్వును దెబ్బతీస్తాయి. ఆ స్థితినే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటాం. దెబ్బతిన్న కొవ్వు నుంచి ఎం.డి.ఏ. అనే పదార్థం రక్తంలోకి వస్తుంది. దానికి రీజెంటు, అంటే పరీక్ష రసాయనం కలిపి వేడి చేస్తే గులాబీ రంగు తేలుతుంది. రంగు ఎంత ముదిరితే ఎం.డి.ఏ. అంత ఎక్కువ. ఆ రంగును కొలవడమే నా పని.

సాంబశివరావు గారు ఆటోనగర్‌లో డీజిల్ మెకానిక్. వయసు నలభై దాటింది, భారీ మనిషి. ఆయన చెల్లెలు నాగలక్ష్మి గారికి రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. డయాలసిస్ కోసం పామర్రు నుంచి వారానికి రెండుమూడుసార్లు బెజవాడ వచ్చేవారు. అన్నయ్య కిడ్నీ సరిపోతుందని తేలింది గాని, ఈ బరువుతో దాతకే ప్రమాదమని, తగ్గి వస్తేనే ఆపరేషన్ అని సర్జన్ చెప్పారట. అందుకే ఆయన మా ప్రాజెక్టులో చేరారు.

మొదటి శాంపిల్ ఇచ్చిన రోజు ఆమె కూడా వచ్చారు. మొహం పాలిపోయి ఉన్నా నోరు మాత్రం ఊరుకోలేదు.

"రోజూ నడిపించండి సార్ ఈయన్ని. చెల్లికి కిడ్నీ ఇస్తానని ఊరంతా చెప్పుకున్నాడు, సాయంత్రం పునుగుల బండి మాత్రం వదల్లేదు."

"వదిలేశానే! నిన్నటి నుంచీ ముట్టుకోలేదు."

"నిన్న ఆదివారం అన్నయ్యా. ఆ బండి ఉండదు."

రక్తం తీశాక ఎం.డి.ఏ. గురించి నేను చెప్పింది ఆయన శ్రద్ధగా విన్నారు. "అంటే సైలెన్సర్‌లోంచి వచ్చే పొగ లాంటిదన్నమాట. లోపల మంట సరిగ్గా లేకపోతే పొగ ఎక్కువొస్తుంది. అంతేనా సార్?" అన్నారు. పోలిక బాగానే ఉందనిపించి అవునన్నాను.

ప్రాజెక్టు సగంలో రెండో శాంపిల్ తీశాం. ఆయన బరువు బాగా తగ్గింది. కానీ ఎం.డి.ఏ. తగ్గకపోగా పెరిగింది, అదీ మొదటిసారి కంటే చాలా ఎక్కువగా. ఆయన ఫలితం అడిగితే, పెరిగిందని, కారణం చూస్తున్నామని చెప్పాను.

ఆ మర్నాటి నుంచి ఆయన నడకకు రాలేదు. వారం చూసి ఫోన్ చేశాను.

"నడుస్తుంటే లోపల పాడవుతోందని మీరే అన్నారు కదా సార్" అన్నారు.

"పాడవుతోందని అనలేదండీ. ఒక నంబరు పెరిగింది. అది కిడ్నీ సంగతి చెప్పే పరీక్ష కాదు."

"ఒళ్లంతా తిరిగే రక్తమేగా సార్, కిడ్నీలోకి మాత్రం వెళ్లదా? ఊరూ పేరూ తెలీని లారీకే నేను తుప్పు పట్టిన పార్టు బిగించను. నా చెల్లెలికి బిగిస్తానా?"

ఆయన నడక ఆపితే బరువు తగ్గడం ఆగుతుంది. అది ఆగితే ఆపరేషన్ ఆగుతుంది. నాగలక్ష్మి గారికి సరిపోయే దాత ఇంకొకరు లేరు.

నాకు తెలిసిన పద్ధతిలో వెతకడం మొదలుపెట్టాను. రీజెంటు పాడైందా? అదే రోజు మిగతావాళ్ల ఫలితాలన్నీ సవ్యంగానే ఉన్నాయి. హీమోలిసిస్, అంటే శాంపిల్‌లో ఎర్రకణాలు పగలడం జరిగిందా? లేదు, రక్తం నుంచి విడదీసిన సీరం ఎర్రబడకుండా తేటగా ఉంది. దాచిన శాంపిల్ మళ్లీ పరీక్ష చేసి చూశాను, అదే రంగు. లోపం ట్యూబులో లేదు, మనిషి దగ్గరే ఏదో ఉంది. సిగరెట్టా? స్ప్రే పెయింటింగ్ వాసనలా? బరువు తగ్గడానికని ఎవరైనా ఇచ్చిన పొడులా? చూసే తేల్చుకుందామని ఆటోనగర్ వెళ్లాను.

షెడ్డు ముందు ఒక పాత మినీ లారీ ఉంది. సాంబశివరావు గారు దాని డ్రైవరు మీద కేకలేస్తున్నారు.

"ఇలా చల్లటి ఇంజన్‌తో పొల్యూషన్ పరీక్షకి వెళ్తే ఫెయిల్ కాక ఏమవుతుందిరా? కానూరు దాకా గట్టిగా తోలుకురా. లోపలున్న మసంతా ఊడ్చుకుపోవాలి. వేడి మీదే తీసుకెళ్లి చూపించు."

నాకు ఏదో తట్టింది. ఆయన చేతులు తుడుచుకునేదాకా ఆగి అడిగాను.

"రెండో శాంపిల్ రోజు మా దగ్గరికి ఎలా వచ్చారండీ?"

"సైకిల్ మీద."

"మెల్లగానా?"

"మెల్లగా ఎందుకొస్తానండీ? బందరు రోడ్డంతా నుంచుని తొక్కా. మీ మెట్లు పరిగెత్తి ఎక్కా. మొదటిసారి చల్లగా బండి మీద వచ్చి కూర్చున్నా, అప్పుడు మీరు విషయం చెప్పలేదుగా."

"ముందురోజు నుంచీ వ్యాయామం వద్దన్నాం కదండీ!"

"వాకింగ్ వద్దన్నారు, చేయలేదు. ఇది వాకింగ్ కాదుగా సార్, వేడెక్కించడం!"

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన మాత్రం నవ్వలేదు. "తప్పా?" అన్నారు చిన్నగా.

ఇంజన్ సంగతి వేరు, ఒంటి సంగతి వేరు అని చెప్పాను. మనిషి అలవాటుకు మించి ఒక్కసారి విపరీతంగా శ్రమిస్తే కాసేపు ఎం.డి.ఏ. పెరగవచ్చు. విశ్రాంతి తీసుకుంటే దిగుతుంది. మేం కొలవాల్సింది ఆ విశ్రాంతి స్థాయిని. "అయితే ఇంకోసారి తీయండి. అది చూశాకే నడుస్తా" అన్నారాయన.

రెండు రోజుల తర్వాత వాళ్లబ్బాయి బండి మీద దింపితే వచ్చారు. కూర్చోబెట్టి, ఊపిరి నెమ్మదించాక రక్తం తీశాం. వారం పైగా నడక మానేసినా రంగు మొదటిసారి కంటే లేతగా వచ్చింది. దాచిన మొదటి శాంపిల్‌కి కూడా మళ్లీ రంగు తేల్చి, రెండు ట్యూబులూ ఆయన ఎదురుగా కిటికీ వెలుతురులో పట్టుకుని చూపించాను. మర్నాడు అందరికంటే ముందు నడకకు వచ్చారని, వాళ్లను నడిపించే ట్రైనరు చెప్పాడు. ఆ తర్వాత కొన్ని నెలలకు సర్జన్ చెప్పిన బరువుకు దిగారు. ఆపరేషన్ జరిగింది.

నియమం తప్పిన శాంపిల్ కాబట్టి ఆ రెండోది మా లెక్కల్లోంచి తీసేశాం. నేను మాత్రం దాని గురించి చాలా రోజులు చదివాను. ఒక్క పూట శ్రమ పెంచే ఆ ఒత్తిడికే శరీరం మెల్లగా అలవాటు పడి తన రక్షణను బలపరుచుకుంటుందట. వారాల తరబడి నడిస్తే విశ్రాంతి స్థాయి తగ్గడానికి అది ఒక కారణమట. అంటే ఆ నంబరు తప్పు కాదు. మేం అడగని ప్రశ్నకు అది జవాబు.

నేర్చుకున్నది ఇది: శాంపిల్ ఎంత తేటగా ఉన్నా, అది ఏ ఒంట్లోంచి, ఆ ఒళ్లు ఏం చేసి వచ్చాక తీసిందో తెలియకపోతే నాకు తెలిసింది సగమే. అప్పటి నుంచి సూది తీయకముందే ప్రతి ఒక్కరినీ, "పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారండీ?" అని అడుగుతున్నాను.

ఆపరేషన్ అయిన కొన్నాళ్లకు అన్నాచెల్లెళ్లిద్దరూ ఊరికే చూసిపోదామని ల్యాబ్‌కి వచ్చారు. అలవాటు కొద్దీ సాంబశివరావు గారిని కూడా అదే అడిగాను.

"నేనేం చేయలేదు సార్" అన్నారాయన, ఆయాసపడుతూ కుర్చీలో కూలబడి. "బస్టాండు నుంచి మా చెల్లి నడిచింది. నేను వెనకాల వచ్చా."