వాకిలి అంచున శనక్కాయ చెట్టు

శనక్కాయను రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే టప్పుమని పగలాలి, లోపల గింజలు కనిపించాలి. తొంభైల చివర్లో ఒక కార్తీకమాసం పొద్దున, మా అత్తగారింటి చేలో నేను నొక్కిన కాయ టప్పుమని పగిలింది గానీ లోపల ఏమీ లేదు. ఇంకొకటి నొక్కాను. అదీ లొట్టే. ఆ చెట్టుకున్న కాయలన్నీ వరసబెట్టి నొక్కాను. అన్నిటికీ కలిపి రెండే గింజలు, అవి కూడా ముడుచుకుపోయి మిరియాల్లా ఉన్నాయి. చెట్టు మాత్రం పీకడానికి రెండు చేతులూ కావలసినంత ఏపుగా ఉంది. తూర్పు సగంలో కాయ నిండుగా ఉంది, పడమటి సగమంతా ఇదే లొట్ట. ఆ సగానికి పడాల్సిన మందు ఏమయిందో తెలిసినవాళ్ళం ఆ ఇంట్లో ఇద్దరమే. ఒకరు మా అత్త, ఇంకొకరు నేను.

నేను హిందూపురం పిల్లను. మా నాయనది గుమాస్తా ఉద్యోగం. మట్టి అంటే మాకు చెప్పులకు అంటుకునేది, అంతే. పెళ్ళయ్యాక పెనుకొండ నుంచి గోరంట్ల పోయే దారిలో ఒక పల్లెకు వచ్చిపడ్డాను. మా ఆయన పొద్దున్నే బస్సెక్కి హిందూపురంలో పనికి పోయేవాడు. నాకు వంట అంతంతమాత్రం, పాలు పితకడం అసలే రాదు. కానీ ముగ్గు వేశానంటే దారిన పోయేవాళ్ళు సైకిల్ దిగి చూడాల్సిందే. ఇది బడాయి కాదు, ఊరంతా ఒప్పుకున్న సంగతి. ధర్మవరంలో మా మేనత్త ఇంటి పక్కనే మగ్గాలుండేవి. సెలవులకు పోయినప్పుడల్లా పట్టుచీరల అంచులు గళ్ళ కాగితాల మీద గీసి ఉంటే కళ్ళార్పకుండా చూసేదాన్ని. ఆ హంసలు, ఆ మామిడిపిందెలు అన్నీ వాకిట్లోకి దించేదాన్ని. ఉత్త గీతలు కాదు, లోపలంతా తెల్లగా నింపే ముగ్గులు. వాటికి గుప్పెడు పిండి యాడ చాలుతుంది? చేటెడు కావాలి.

పెళ్ళయిన రెండో ఏడు, ముగ్గుపిండి తెచ్చి అమ్మే ఆమె మా ఊరికి రావడం మానేసింది. నాకు చేతులు విరిచినట్టయింది. అప్పుడు పశువుల కొట్టంలో నాలుగు మూటలు కంటబడ్డాయి. ఒక మూట మూల చిరిగి తెల్ల పొడి కారుతోంది. మెత్తగా, వేళ్ళ సందుల్లోంచి సన్నగా జారుతోంది.

మా అత్త అరుగు మీద కూర్చుని విత్తనానికి శనక్కాయలు వొలుస్తోంది. "అత్తా, కొట్టంలో ఆ పొడి దేనికి?" అని అడిగాను.

"జిప్సమంట. ఆపీసోళ్ళు చెప్పినారని మీ మామ పెనుకొండ నుంచి మోసుకొచ్చినాడు. చేలో చల్లల్లంట."

"చల్లితే ఏమొస్తాది?"

"ఏమో మ్మా. మట్టిలో మట్టి. చేలో పోస్తే ఏమి, వాకిట్లో పోస్తే ఏమి? రోంత తీసుకో."

ఆ మాటంటూ చేట దులిపేసరికి నాలుగైదు గింజలు అరుగు దిగి వాకిలి అంచుకు దొర్లిపోయాయి. వానలు పడగానే వాటిలో ఒకటి అక్కడే మొలిచింది. ముచ్చటేసి దాని చుట్టూ నాలుగు ముళ్ళకంపలు గుచ్చాను. రోజూ పాత ముగ్గు చిమ్మితే ఆ చెత్తంతా దాని మొదట్లోకే పోయేది. కళ్ళాపి నీళ్ళూ అటే పారేవి.

కాస్త తీసుకోమని అత్త అన్న 'రోంత' శ్రావణమాసం ముగిసేసరికి రెండు మూటలయింది. ఒక్క నా వాకిలికే అయితే అంత అయ్యేది కాదు. వీధిలో ఆడపిల్లలంతా డబ్బాలు పట్టుకుని వచ్చేవాళ్ళు. నేను లేదనకుండా పోసేదాన్ని. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అచ్చం అదే. శుక్రవారం పొద్దున వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా తెల్లగా మెరుస్తుంటే నా కాళ్ళు నేల మీద నిలిచేవి కావు.

మా ఇంట్లో పదేళ్ళుగా పశువులూ సేద్యమూ చూసుకుంటూ, రాత్రిళ్ళు కొట్టంలోనే పడుకునే జీతగాడు ఉండేవాడు. ఆయన భార్యకు నా ముగ్గులంటే ప్రాణం. ఆమె నోరు తెరిచి అడగలేదు. నేనే పాలపొడి డబ్బా నిండా పోసి ఆమె చేతిలో పెట్టాను. వాళ్ళ గుడిసె ముందు కూర్చుని హంసలు వేయడం నేర్పించాను. ఆమె హంసలు బాతులయ్యాయి. ఇద్దరం పొట్ట చెక్కలయ్యేటట్టు నవ్వుకున్నాం.

ఇంటి వెనక ఆ ఎకరా చేను మా మామకు కన్నుగుడ్డు లాంటిది. అందులో కాయ అమ్మేవాడు కాదు, తినేవాడు కాదు. అది మొత్తం మరుసటి ఏటికి విత్తనం. అంతకు ముందు ఏడు అక్కడక్కడా లొట్టకాయలు కనిపించాయని, ఒక చెట్టును వేళ్ళతో సహా పీక్కుని పెనుకొండ వ్యవసాయ ఆఫీసుకు పోయి అడిగి వచ్చాడు. శనక్కాయ పూత పైన పూస్తుంది. పూత రాలాక సూదిలాంటి ఊడ కిందికి దిగి మట్టిలో గుచ్చుకుంటుంది. దాని కొసనే కాయ ఊరుతుంది. ఆ ఊడలు దిగే రోజుల్లో చెట్ల మొదట్లో జిప్సం చల్లాలని ఆఫీసువాళ్ళు చెప్పారట. ఆయన వేళ్ళ మీద దినాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. ముందు తెలిసి ఉంటే ఆ మూటల జోలికే పోయేదాన్ని కాదు.

శ్రావణం చివర్లో ఒక పొద్దున మామ కొట్టంలోకి పోయాడు. నాలుగు మూటలకు రెండే ఉన్నాయి. ఆయన కేక వంటింట్లోకి వినబడింది.

"దొంగ బయటినుంచి రాలేదు. కొట్టంలో పండుకునేది ఎవడు? వాడే!"

నేను చేతిలో గరిటె పట్టుకుని అట్లే నిలబడ్డాను. మామ విసురుగా వాకిలి దాటి జీతగాని గుడిసెకు పోయాడు. తిరిగి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"వాని ఇంట్లో డబ్బా నిండా అదే పొడి ఉండాది. వాకిట్లో ముగ్గు కూడా అదే. అడిగితే వాని పెండ్లాం, చిన్నమ్మ ఇచ్చిందని చెప్తాండాది. అబద్ధానికైనా హద్దూ పద్దూ ఉండల్ల!"

చిన్నమ్మ అంటే నేనే. సరదాకి ఇచ్చిన డబ్బా ఆ మనిషి మెడకు చుట్టుకుంది. అదే పొడి వీధిలో ప్రతి గడపలోనూ ఉంది, మా గడపలోనూ ఉంది. మామ వెతికింది మాత్రం ఒక్క గుడిసెలోనే. ఇచ్చావా అని నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. అత్త వైపు చూశాను. అత్త పొయ్యి వైపు చూస్తోంది. నేను నోరు తెరవలేదు. భయపడ్డానని చెప్పుకోవచ్చు, అది నిజమే. కానీ నన్ను అనుమానించలేదని లోపల్లోపల ఊపిరి పీల్చుకున్నాను. అది ఇంకా పెద్ద నిజం. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

జీతగాడు మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. "పదేండ్లు నీ ఇంట్లో తిన్నా కదన్నా. ఆ మట్టిపొడి నాకెందుకు?" అన్నాడు. మామ మొహం తిప్పుకున్నాడు. పది దినాలు కాకముందే మొగుడూ పెళ్ళాలు ఇంటికి తాళమేసి, కట్టడం పనికి ధర్మవరం పోయారు. మామ ఉన్న రెండు మూటలూ తూర్పు సగంలో చల్లాడు. ఆఫీసులో ఇంకా కావాలంటే సరుకు లేదన్నారు. నేను మళ్ళీ బియ్యప్పిండితో నాలుగు గీతలు గీసే ముగ్గుల్లో పడ్డాను. ఎవరైనా హంసలేవి అని అడిగితే నడుం నొప్పి అనేదాన్ని.

ఆ ఏడు వానలను తిట్టుకోవడానికి కూడా వీల్లేదు, అంత బాగా కురిశాయి. అందుకే చేను పీకిన రోజు ఆ లొట్టకాయలు చూసి మామ నమ్మలేకపోయాడు. పెనుకొండ నుంచి ఆఫీసరును పిలిపించుకుని, రెండు సగాల చెట్లనూ పక్కపక్కన పెట్టి చూపించాడు.

"ఎరువు ఏసినాం, వాన కురిసింది, చెట్టు ఏనుగు మాదిరి ఉండాది. కాయకేం రోగం సార్?"

ఆఫీసరు పడమటి చెట్టు చేతిలోకి తీసుకున్నాడు. "చెట్టును చూసి మోసపోకు పెద్దాయనా. వేరు పీల్చిన సున్నం నీళ్ళతో పాటు పైకి ఆకుల్లోకి పోతాది. పోయింది మళ్ళా కిందికి దిగదు. కాయ ఉండేది మట్టిలో. దానికి కావాల్సిన సున్నం అది చుట్టూ ఉండే మట్టిలోంచి దాని తోలుతోనే పీల్చుకోవల్ల. జిప్సంలో ఉండేది ఆ సున్నమే. ఆడ లేకపోతే తల్లి ఎంత పచ్చగా ఉన్నా కాయకు ఆకలే."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇంటర్ దాకా చదివినదాన్ని. వేరు తాగుతుంది, చెట్టంతా పంచుకుంటుంది అనుకున్నాను. మట్టిలో ఉండి కూడా కాయ పస్తుంటుందని కలలో కూడా అనుకోలేదు. మట్టిలో మట్టి అనుకుని నేను వాకిట్లో పోసింది ఆ కాయల నోటి కూడు.

"వాడు నా విత్తనం తిన్నాడు సార్," అన్నాడు మామ. వాడు అంటే జీతగాడే. రెండో నింద కూడా ఆ మనిషి మీదనే పడింది. నేను అప్పుడూ ఊరుకున్నాను.

సాయంత్రం మామ వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూ ముళ్ళకంపల మధ్య చెట్టును చూశాడు. ఆకు పండి రాలుతోంది. వంగి ఒక్క గుంజు గుంజాడు. గుత్తులు గుత్తులుగా కాయలు పైకొచ్చాయి. ఒకటి నొక్కాడు. రెండు గింజలు, సందు లేకుండా ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉన్నాయి. ఇంకొకటి నొక్కాడు. నిండు. ఇంకొకటి. నిండు. గొంతుక్కూర్చుని ఆ గుంతలో మట్టి తీసి అరచేతిలో నలిపాడు. ఎర్రమట్టిలో తెల్లటి పలుకులు కనిపించాయి. తల ఎత్తి వాకిలి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఏమ్మా, ఈడ దినామూ ఏం పోస్తాంటివి?"

ఆయన నన్ను అడగడం అదే మొదటిసారి.

"ముగ్గు మామా. ఆ మూటల్లోదే. ఆమెకు డబ్బా ఇచ్చింది కూడా నేనే."

"నేనే తీసుకోమన్నా," అంది లోపలినుంచి అత్త.

ఇల్లు ఎగిరిపోయేటట్టు అరుస్తాడని కళ్ళు మూసుకున్నాను. ఆయన అరవలేదు. అరచేతిలో మట్టిని మళ్ళీ ఆ గుంతలోనే పోశాడు.

"వానింటికి పోయేటప్పుడు ఈ ముగ్గు తొక్కుకుంటానే పోయినా కదమ్మా," అన్నాడు.

మరుసటి పొద్దున మామా నేనూ బస్సెక్కి ధర్మవరం పోయాం. మూడు నాలుగు చోట్ల అడిగితే, సగం లేచిన ఒక మిద్దె దగ్గర జీతగాడు కనిపించాడు. ఇసుక జల్లిస్తున్నాడు. మామ భుజం మీది తువ్వాల తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎవరి ముందరా ఆయన అట్లా తీయడం నేను చూడలేదు.

"తప్పయిపాయ అబ్బా. రా, ఇంటికి పోదాం."

జీతగాడు జల్లెడ ఆపలేదు. "ఈడ బాగనే ఉండాదన్నా. ఎవురూ దొంగ అనరు."

ఆయన భార్య నెత్తిన తట్టతో వచ్చింది. మామ వైపు చూడనే లేదు, నా ముందు నిలబడింది. నేను ఏడుస్తున్నాను.

"డబ్బా నిండా పిండి అడక్కముందే ఇస్తివి చిన్నమ్మా," అంది. "ఒక్క మాట ఇయ్యలేకపోతివే."

తట్ట దించకుండానే అంత మాట అని మెట్లెక్కి పోయింది. ఆమె వెనక రెండు మెట్లు ఎక్కి ఆగిపోయాను. వాళ్ళు మా ఊరికి మళ్ళీ రాలేదు.

మరుసటి ఏడు ఊడలు దిగే రోజుల్లో మామ నన్ను చేనుకు పిలిచాడు. జిప్సం తట్ట నా చేతికే ఇచ్చి గట్టు మీద కూర్చున్నాడు. వంగి, ఒక్కో చెట్టు మొదట్లో వేస్తూ పోయాను. పడమటి సగంలోకి వచ్చాక కళ్ళల్లో నీళ్ళు తిరిగి చెట్లు సరిగా కనిపించలేదు. పొడి సాళ్ళ మధ్యలో పడిపోతోంది.

"ఆడ కాదమ్మా," అన్నాడు మామ గట్టు మీదినుంచి. "కాయ ఉండే కాడే పడల్ల. పక్కన ఎంత పోసినా దానికందదు."