మైకులో మోగిన చప్పట్లు

కండ్లకోయలో ఇంజినీరింగ్ మొదటి ఏడాది. శామీర్‌పేటలో తెలుగు మీడియం చదివిన నాకు అదే మొదటి సెమినార్.

ఇంట్లో అక్కా నేనూ పెద్ద ఇంగ్లిషు పదాలను బతుకమ్మ ఆడినట్టు చప్పట్లు కొడుతూ, ముక్కలు చేసుకుని నేర్చుకునేవాళ్లం. ఎలక్ట్రో అంటే కరెంటు, మ్యాగ్నెట్ అంటే అయస్కాంతం. ఒత్తి పలికేచోట చప్పట్లు గట్టిగా.

మైకు ముందు 'ఎలక్ట్రోమ్యాగ్నెటిజం' అనబోతే నోరు తిరగలేదు. చేతులు వాటంతట అవే లేచాయి. 'ఎ-లక్-ట్రో' అంటూ తట్టి, 'మ్యాగ్' దగ్గర మైకు పక్కనే గట్టిగా చరిచాను. పిడుగు పడ్డట్టు మోగింది. చేతులు అక్కడే ఆపేశాను. ముందు వరసలో కూర్చున్న మా ఫిజిక్స్ మేడమ్ లేచి నా వైపే వస్తుంటే, ఇక కాలేజీ మానేయాల్సిందే అనుకున్నాను.

"ఆగినవేంది? మిగిలిన చప్పట్లు గూడ కొట్టు" అన్నారు మేడమ్.

మైకు పట్టుకుంటే ఇప్పటికీ గుండె దడే. రెండో చెయ్యి మాత్రం తొడమీద తడుతూనే ఉంటుంది.