కండెలవ్వను వెతుక్కుంటూ: సిరిసిల్ల నుంచి కోరుట్ల దాకా ఒక రోజు

బతికున్న కూతురు చచ్చిపోయిందని తల మీద నీళ్లు పోసుకున్నవాడు మా ముత్తాత, కండెల రాజలింగం. సిరిసిల్లలో గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. ఆ తప్పు ఆయనది. ఆ తర్వాత అరవై ఏళ్ల పాటు, అడిగిన ప్రతి పిల్లవాడికీ "ఆమె చిన్నప్పుడే పోయింది" అని చెప్పుకొచ్చిన తప్పు మా ఇంటి పెద్దలందరిదీ. ఇది చదివి మావాళ్లు నొచ్చుకుంటారని తెలుసు. నొచ్చుకోనివ్వండి.

మా తాత మొన్న ఎండాకాలంలో పోయాడు. చివరి మూడు రోజులు ఒకటే మాట పట్టుకున్నాడు: "అక్కకు చెప్పుండ్రి." తాతకు అక్క ఎవరని అడిగితే అందరూ గోడల వైపు చూశారు. దినాలన్నీ అయ్యాక నాయనమ్మే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "సావలే కొడుకా. పేరు లచ్చవ్వ. మగ్గం గుంట తవ్వనీకి అచ్చినాయన ఎంట పోయింది. ఎసోబు అట ఆయన పేరు. సారంగాపూర్ దిక్కోడు, కిరస్తానీ, కూలి చేసుకునేటోడు. మీ ముత్తాత ఇంటిల్లిపాదిని బాయికాడ నిలవెట్టి సావు నీళ్లు పోయించిండట. మీ తాతకప్పుడు పద్నాలుగేండ్లు. నాకు గీ సంగతి ఒక్కసారే చెప్పిండు, మల్ల ఎన్నడు ఎత్తలే."

నేను డిగ్రీ మధ్యలో ఆపేసినవాణ్ణి. మిగతా చదువంతా సభల దగ్గర పంచే కరపత్రాలూ, పల్చటి పుస్తకాలూ. మనుషులంతా సమానమని వాటిలో చదివి ఊరందరితో కొట్లాడాను గానీ, మా ఇంట్లోనే ఒక మనిషిని బతికుండగా చంపేశారని ఇరవై మూడేళ్ల దాకా తెలియలేదు. ఆ రాత్రే చార్టు మీద మా వంశవృక్షం గీశాను. ఐదు తరాల మగవాళ్ల పేర్లు గబగబా వచ్చేశాయి. ఆడపిల్లల దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ ఏదీ గుర్తు లేదు. ఎక్కడికి ఇచ్చారో, పిల్లలెందరో, ఉన్నారో లేరో. సగం చెట్టు ఖాళీ. దాన్ని మడిచి, కండెల ఇంటి తరఫున రెండు పేజీల క్షమాపణ లేఖ రాసి, రెండూ సంచిలో పెట్టుకుని మర్నాడే బయల్దేరాను.

సిరిసిల్ల బస్టాండులో పొద్దున ఆరుంబావుకు వేములవాడ బస్సు ఎక్కాను. అరగంట ప్రయాణం. అక్కడ దిగి జగిత్యాల బస్సు అందుకోవాలి, అది గంటన్నర పైనే పడుతుంది. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆ జగిత్యాల బస్సు నిండా వాళ్లే. పక్కన కూర్చున్న ఒక పెద్దామె లేచి కిటికీ సీటు నాకిచ్చింది. "మాకు టికెటు లేదు, నీకున్నది. గాలన్న నువ్వే తీస్కో" అంది. ఎక్కడికని అడిగితే, మా తాత అక్కను వెతకడానికని చెప్పాను.

"తప్పిపోయిందా?"

"అరవై ఏండ్లైంది."

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "గిప్పుడు యాదికచ్చిందా మీకు?" అని, జగిత్యాల వచ్చేదాకా అటు తిరిగే కూర్చుంది. నేను కొట్లాడేవాణ్ణే, కానీ ఏమని?

జగిత్యాలలో తొమ్మిదింటికి దిగి, ఒక పాత చర్చి వెతుక్కుంటూ వెళ్లాను. ఆ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లవాళ్ల పెళ్లిళ్లు అక్కడే జరిగేవని ఎవరో చెప్పారు. ఆవరణ ఊడుస్తున్న ముసలాయనే రిజిస్టర్లకూ కాపలాదారు. వెళ్తూనే అరవై ఏళ్ల కిందటి పెళ్లిళ్ల పుస్తకం చూపించమన్నాను. నా గొంతు ఎప్పుడూ ఉండాల్సినదానికంటే ఒక మెట్టు పైనే ఉంటుంది.

"నువ్వు ఆఫీసరువా?" అన్నాడాయన చీపురు ఆపకుండా.

"ఆఫీసరును కాదు. మనుమణ్ని."

"మరి మనుమని లెక్క అడుగు. కూసో."

లచ్చవ్వ, ఎసోబుల సంగతంతా విని, మంచినీళ్లిచ్చి, అంచులు రాలిపోతున్న పుస్తకం తెచ్చాడు. గంటసేపు వెతికినా లచ్చవ్వ లేదు. నేను విసుక్కుంటుంటే ఆయన నవ్వాడు. "ఇందుల లచ్చవ్వ ఎట్లుంటది కొడుకా? బాప్తిస్మమైనంక పేరు మారుతది. ఆమెను ఇడిసిపెట్టు, ఎసోబును ఎతుకు." సారంగాపూర్ వైపు ఎసోబులు ముగ్గురు దొరికారు. ఇద్దరి భార్యలకు తండ్రుల పేర్లు రాసి ఉన్నాయి. మూడో ఎసోబు పెళ్లాం పేరు మరియమ్మ. ఆమె తండ్రి పేరు ఉండాల్సిన చోట చిన్న గీత. ఆ గీత మా ముత్తాతేనని నాకు అనిపించింది.

సారంగాపూర్‌కు జగిత్యాల నుంచి ఆటోలు దొరుకుతూనే ఉంటాయి, మనుషులు నిండేదాకా ఆగే ఓపిక ఉంటే చాలు. అరగంట కూడా పట్టదు. డ్రైవరు నాకంటే నాలుగైదేళ్లు పెద్దవాడు. ఎసోబు గారి మరియమ్మ ఇల్లు అడిగాను.

"మరియమ్మలు మా ఊర్ల నలుగురున్నరు తమ్మీ. గా ముచ్చట ఎవలనడిగినా నిన్ను ఊరంత తిప్పుతరు. ఇంటిపేరేంది?"

"ఎసోబుది తెల్వదు. ఆమె తల్లిగారోళ్లైతే కండెలోళ్లు."

ఆటో నెమ్మదించింది. అద్దంలోంచి నన్ను చూశాడు. "కండెలవ్వనా? గది ముందుగాల చెప్పద్దా? నా చిన్నప్పటి సంది ఆమె కండెలవ్వే. మరియమ్మ అని నువ్వు చెప్తెనే తెలిసింది."

"గా పేరు ఎందుకచ్చిందో తెలుసా?"

"ఏమో. ఎన్కట కండెలు గిట్ల చుట్టేదేమో అనుకున్నం."

కండె అంటే నూలు చుట్టే చిన్న గొట్టం. మా ఇంటిపేరు దాని నుంచే వచ్చింది. ఆ ఊళ్లో ఆ ఇంటిపేరువాళ్లు ఇంకెవరూ లేరు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లను ఎవరి బిడ్డవని అడిగితే, కండెలోళ్ల బిడ్డనని చెప్పి ఉంటుంది. అడిగినప్పుడల్లా అదే చెప్పి ఉంటుంది. మేము చెట్టు మీంచి ఆమె పేరు తీసేశాం. ఆమె మా పేరునే తన పేరుగా చేసుకుని ఆ ఊళ్లో బతికింది. 

ఇల్లు తాళం వేసి ఉంది. ఎసోబు పోయి నాలుగేళ్లయిందనీ, అప్పటి నుంచి కండెలవ్వ కోరుట్లలో బీడీలు చేసే కూతురు ఎస్తేరు దగ్గరే ఉంటుందనీ పక్కింటివాళ్లు చెప్పారు. డ్రైవరు అదే ఆటోలో నన్ను జగిత్యాల తీసుకొచ్చి, కోరుట్ల బస్సు ఎక్కించి పోయాడు. తిరుగు ప్రయాణానికి ఎంతివ్వమంటావని అడిగితే, "అవ్వకు నా పేరు చెప్పు, చాలు" అన్నాడు. జగిత్యాల నుంచి కోరుట్లకు ముప్పావు గంట. బస్టాండు ముందున్న హోటల్లో రెండు పూరీలు తిని ఇల్లు వెతుక్కునేసరికి రెండయింది.

గడప లోపల ఒకామె చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. సంచిలోంచి చార్టు తీసి, కండెల ఇంటి నుంచి వచ్చానన్నాను. చేతులు ఆగిపోయాయి. మర్యాదగా ఉండాలని, "మీరు నాకు అత్తయితరు" అన్నాను.

"అత్త ఎట్లైత?" అంది ఎస్తేరు, చాట పక్కన పెట్టి. "మా అమ్మ మీ నాయనకు మేనత్త. నేను మీ నాయనకు మరదల్నైత. నీకు చిన్నమ్మను. గంత చార్టు పట్టుకచ్చినవ్, గది రాసుకోలేదా?"

వాళ్లింటికి ఎవరూ రాకపోయినా, ఎవరొస్తే ఏమని పిలవాలో ఆ ఇంట్లో లెక్క తప్పలేదు. వరుస తప్పింది నేను.

కండెలవ్వ లోపల మంచం మీద ఉంది. చూపు సరిగా ఆనదు. నా చెయ్యి పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటిగా తడిమింది. నేను నిలబడి లేఖ మొత్తం చదివాను. అసమానత, అన్యాయం, చారిత్రక తప్పిదం, అన్నీ ఉన్నాయి అందులో.  ఆమె చివరిదాకా విన్నది.

"మంచిగ చదివినవ్ కొడుకా. ఓట్లప్పుడు మైకుల చెప్పినట్టే ఉన్నది. చీర తెచ్చినవా?"

నాకు అర్థం కాలేదు. ఎస్తేరు చిన్నమ్మ చెప్పింది. "ఆడివిల్ల సచ్చిపోతే తల్లిగారోళ్లు చీర తెచ్చి కప్పుతరు కదా. తల్లిగారి చీర రాకుండ నా సావుపెట్టె మూయద్దని పాస్టరుకు గూడ చెప్పిపెట్టింది. ఎవలు తెస్తరే అవ్వా అని మా పిల్లలు నవ్వుతుంటరు. తెస్తరు, మా ఇంట్ల చీరలకేం తక్కువ అంటది."

మాది మూడు తరాలుగా బట్ట నేసే ఇల్లు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా మా నాన్న ముందు బట్ట దిగుతూనే ఉంటుంది. నేను మాత్రం కాగితాలు తీసుకుపోయాను.

"తమ్ముడెట్లున్నడు?" అంది కండెలవ్వ.

లేఖ మడిచి ఆమె మంచం పక్కన కూర్చున్నాను.  "తాత పోయిండవ్వా. రెండు నెలలాయె. పోయేటప్పుడు నీకు చెప్పుమన్నడు."

ఆమె ఏడవలేదు. మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది. "ఎస్తేరూ, బిందె నీళ్లు పెట్టు" అంది.

"అమ్మా, జరం అస్తది నీకు. మనకు గివన్ని ఎక్కడియి?"

"మీకు లేవు. నాకున్నయ్. కండెలోళ్ల బిడ్డను. తమ్ముడు పోతే నాకు మైల ఉండదా?"

చిన్నమ్మ బిందె నింపి తెచ్చింది. వాకిట్లో బండ మీద కూర్చోబెట్టి, నెమ్మదిగా తల మీద నీళ్లు పోసింది. కండెలవ్వ కళ్లు మూసుకుని తమ్ముడి పేరు మూడుసార్లు పిలిచింది. ఆమె తమ మనిషి కాదని మావాళ్లు పోసుకున్న నీళ్లే అవి. తమ్ముడు తనవాడని ఆమె పోసుకుంది.

నేను సందులోకి వచ్చి నాన్నకు ఫోన్ చేశాను. మరమగ్గాలను మేం సాంచాలంటాం, వెనక వాటి చప్పుడు. అరవకుండా మాట్లాడదామనుకున్నాను, కుదరలేదు.

"నాయినా, ఆమె బతికున్నదని నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ గిన్నేండ్లు ఎట్ల ఊకున్నవ్? చీర కోసం సూత్తుందటనే ఆమె. మన ఇంటి చీర కోసం." ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయలేనివి కూడా.  నాన్న సాంచె ఆపాడనుకుంటాను, చప్పుడు తగ్గింది.

"అంచు ఎంత ఉండాల్నట? అడిగినవా?" అన్నాడు.

అడగలేదు. మళ్లీ లోపలికి పోయాను. తడి తల తుడిపించుకుంటున్న కండెలవ్వ, నా ప్రశ్న వినగానే మొదటిసారి ఏడ్చింది. కుడిచేతి నాలుగు వేళ్లు దగ్గరగా పెట్టి చూపించింది. "గింత చాలు. మా నాయన నాకు నేసిచ్చిన చీరకు గంతే ఉండె. ఆకుపచ్చది."

నాలుగున్నరకు కోరుట్లలో వేములవాడ బస్సు ఎక్కాను. కథలాపూర్, రుద్రంగి మీదుగా వచ్చే దారి ఇది, పొద్దున నేను తిరిగినదానికంటే బాగా దగ్గర. కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. ఆ పొద్దున నేను మా ముత్తాతను తిట్టుకుంటూ బయల్దేరాను. ఇప్పటికీ ఆయనను క్షమించలేదు. కానీ బిడ్డకు ఆకుపచ్చ చీర నేసిన చేతులూ, ఆ బిడ్డ చచ్చిందని నీళ్లు పోసుకున్న చేతులూ ఒక్కరివే. ఏ కరపత్రంలోనూ నాకు ఈ మాట దొరకలేదు. కండెలవ్వ ఆయనను ఒక్క మాట కూడా అనలేదు. ఆయన అంచు కొలత మాత్రం వేళ్ల మీద దాచుకుంది.

మీలో ఎవరైనా ఇలా తప్పిపోయిన కొమ్మను వెతకడానికి బయల్దేరితే ఒకటే సలహా. ఆడవాళ్లను వాళ్ల పేరుతో అడగకండి, పేర్లు మారిపోతాయి. తల్లిగారింటి, అంటే పుట్టింటి, పేరుతో అడగండి. పోయేటప్పుడు చేతిలో ఒక చీర ఉండనివ్వండి.

ఇక కండెల ఇంట్లో పుట్టినవాళ్లకూ, ఆ ఇంటి ఆడపిల్లల బిడ్డలకూ, ఎక్కడున్నా సరే, చెబుతున్నది ఇది. వచ్చే నెల మొదటి ఆదివారం మనమంతా కోరుట్ల పోతున్నాం. సిరిసిల్ల నుంచి వచ్చేవాళ్లు ఏడింటి బస్సుకు రండి, మా నాన్న బస్టాండులోనే ఉంటాడు. మీరెవరూ చీరలు తేవద్దు. ఆకుపచ్చది, నాలుగు వేళ్ల అంచుది, నాన్న దగ్గరుండి నేయిస్తున్నాడు. కండెలవ్వ దాన్ని కట్టుకుని గడప దాటి బయటికి వస్తుంది. పొద్దున పది గంటలకల్లా ఆ వాకిట్లో ఉండండి.