కరెంటు బిల్లుల వంతు

కిందటి నెల మా ఎదురింటి అత్త కన్నుమూసింది. పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి, "వదిన ఎలిపోనాదే" అని మాత్రం అనగలిగింది. టెక్కలి నుంచి పూండి పక్కనున్న మా ఊరికి బస్సులో దారంతా ఏడుస్తూనే ఉన్నాను. రక్తసంబంధం లేదు. అయినా మా వీధికంతటికీ ఆమే అత్త.

అత్త పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. పిక్కల్లోంచి కారే జీడి నూనె ఘాటుకి వేళ్ళమీది గీతలు అరిగిపోయాయి. బ్యాంకు ఖాతా కోసం ఎన్నిసార్లు వెళ్ళినా వేలిముద్ర పడలేదు. "నా ఏళ్ళు ఆ మిషన్‌కి నచ్చలేదంట. పెళ్ళిసూపులేటి, బెంగెట్టుకోడానికి?" అని నవ్వేది. వీధిలో చాలామంది ఆడవాళ్ళదీ అదే అవస్థ. ఖాతా లేనిదే ఫోన్లో కరెంటు బిల్లు కట్టడం కుదరదు. పలాస కౌంటర్‌కి ఎవరికి వారు వెళితే అందరికీ ఆ పూట కూలి పోతుంది. అందుకే వీధి బిల్లులన్నీ పట్టుకుని నెలకొకరు వెళ్ళే పద్ధతి అత్తే పెట్టింది.

తన వంతు వచ్చినప్పుడల్లా అమ్మ తప్పించుకునేది. నాన్న పోయాక ఆమె ఒంటరిగా ఊరు దాటలేదు. మాకు తిండి పెట్టేది మోటారు కుట్టుమిషను. ఒకసారి అమ్మ వంతు నెలలోనే గడువు దాటిపోయి, మర్నాడు లైను తీసేస్తామని లైన్‌మన్ చెప్పి వెళ్ళాడు.

"ఈసారికి నువ్వే కట్టీ వదినా" అని అమ్మ బతిమాలింది.

"కట్టను. రేపు నానుండకపోతే ఎవుర్ని బతిమాల్తావు? లైను తీసీమను, సీకట్లో కుట్టుకో."

అత్త మీద నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ మర్నాడు పలాస వెళ్ళే ఆటో కదిలేదాకా అమ్మ చెయ్యి వదలకుండా పట్టుకున్నదీ ఆ అత్తే.

సాయంత్రం అమ్మ ఇంటింటికీ రసీదులు పంచింది, ప్రసాదం పంచినట్టు. "డబ్బులెవులికైనా ఇయ్యి, కాయితం మాత్రం అడుగు" అంది అత్త, తనది అందుకుంటూ. ఆ తర్వాత అమ్మ కుట్టిన జాకెట్లు పట్టుకుని సోంపేట దాకా ఒక్కతే వెళ్ళడం మొదలుపెట్టింది.

అత్తకు పిల్లల్లేరు. ఇంటికి తాళం పడింది. మొన్న నేను ఊరెళ్ళేసరికి ఆ గుమ్మంలో పడి ఉన్న బిల్లుని అమ్మ తీసి కొంగుతో దుమ్ము దులుపుతోంది.

"ఎవరూ లేని ఇంటికి కరెంటెందుకే అమ్మా?"

"ఆటో కోసం ఆడోల్లు నిలబడీది వదిన అరుగు కాడే కదేటి. సీకట్లో నిలబడతారా?"

తోడు వస్తానంటే వద్దని, ఒక్కతే పలాస వెళ్ళి కట్టి వచ్చింది.

మర్నాడు తెల్లవారకముందే మెలకువ వచ్చి బయటికి వచ్చాను. తాళం వేసిన గుమ్మం ముందు లైటు వెలుగుతోంది. దాని కింద క్యారేజీలు పట్టుకుని ఆడవాళ్ళు నిలబడ్డారు. కొత్తగా పనిలో చేరిన పిల్ల ఒకతె అరుగు మీద కూర్చుని తాపీగా జడ అల్లుకుంటోంది.