చక్కెర కలపలేదు

మా అత్తమ్మకు షుగర్ ఉందని తేలిన రోజు ఇంట్లో అందరికంటే నిబ్బరంగా ఉన్నది ఆమే. తీపి మానేయాలనీ, ప్యాకెట్లో వచ్చే వస్తువేదైనా వెనకాల రాసింది చదివాకే కొనాలనీ డాక్టరు గారు చెప్పారు. ఆ చదివే పని నా మీద పడింది. ఖమ్మంలో ఒక జూనియర్ కాలేజీలో నేను ఇంగ్లీషు చెబుతాను. కాబట్టి ఇంటికొచ్చే ఇంగ్లీషు కాగితం ఏదైనా, చివరికి మిక్సీ గ్యారంటీ కార్డయినా, నా ముందుకే వస్తుంది. "ఇది నీ సబ్జెక్టే కదా" అన్నారు మా ఆయన, పెద్ద బరువు దిగిపోయిన ముఖంతో.

అత్తమ్మకు చాయ్‌లో బిస్కెట్ ముంచుకోకపోతే తెల్లవారినట్టుండదు. అందుకని నేను సూపర్ మార్కెట్‌కు వెళ్లి, ఎంతో వెతికి ఒక ఆకుపచ్చ ప్యాకెట్ తెచ్చాను. దాని మీద గోధుమ కంకి బొమ్మ, ఒక ఆకు బొమ్మ, "చక్కెర కలపలేదు" అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు ఉన్నాయి. ఆ మాటను తెలుగులో చదివి వినిపించాను. అత్తమ్మ దాన్ని అనుమతిగా విన్నది. రెండు బిస్కెట్లతో సరిపెట్టుకునే మనిషి ఆ రోజు నుంచి ప్యాకెట్‌ను పక్కనే పెట్టుకుని కూర్చునేది. తింటున్నంతసేపూ ఆమె ముఖంలో కఠినమైన పథ్యం చేస్తున్న గంభీరత కనిపించేది.

తర్వాతి పరీక్షలో షుగర్ తగ్గకపోగా పెరిగింది. ఏం తింటున్నారని డాక్టరు గారు అడిగితే, అత్తమ్మ సంచిలోంచి సగం ఖాళీ అయిన ప్యాకెట్ తీసి ధీమాగా ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన ముందువైపు చూడనే లేదు. వెనక్కి తిప్పి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని చదివారు. మైదా, నూనె, ఖర్జూరం గుజ్జు, ఎండుద్రాక్ష పాకం, ఇంకేవో పేర్లు.

"చక్కెర కలపలేదు అన్నరమ్మా. చక్కెర లేదు అనలేదు" అన్నారు నా వైపు చూసి.

వ్యాకరణం చెప్పుకుని బతికేదాన్ని, ఒక్క క్రియ దగ్గర బోల్తా పడ్డాను. అత్తమ్మ మాత్రం ఏమీ చలించలేదు. తప్పు తినేవాళ్లది కాదనీ, చదివి చెప్పినవాళ్లదనీ తిరుగు దారిలో ఆటో అతనికి వివరంగా చెప్పుకుంటూ వచ్చింది. అతను కూడా ఒప్పుకున్నాడు.

ఆ రోషంతో నేను లేబుళ్ల మీద పడ్డాను. చీమల్లాంటి ఆ అక్షరాలను ఫోన్‌తో ఫొటో తీసి, పెద్దవి చేసి చదివేదాన్ని. ఏది ఎక్కువ బరువు ఉంటే దాని పేరే ముందు రాస్తారని తెలుసుకున్నాక అసలు వినోదం మొదలైంది. ముందువైపు తొమ్మిది రకాల ధాన్యాల బొమ్మలు వేసుకున్న బ్రెడ్‌లో, వెనకవైపు మొదటి పేరు మైదాది. ఆ తొమ్మిదీ కలిసి పెళ్లి ఫొటోలో దూరపు చుట్టాల్లా చివర ఎక్కడో నిలబడ్డాయి. మామిడి రసం సీసాలో మొదట నీళ్లు, తర్వాత చక్కెర, ఆ తర్వాత మామిడి. ఒక పల్లీనూనె డబ్బా కొలెస్ట్రాల్ లేదని గర్వంగా చెప్పుకుంది. పల్లీల్లో అది ఎప్పుడుందని? సైకిల్ మీద "దీనికి డీజిల్ అక్కర్లేదు" అని రాసినట్టుంది. ఇక "నేచురల్" అన్న మాటకు అర్థం వెతికి వెతికి అలసిపోయాను. చిప్స్ నుంచి సబ్బు దాకా అన్నీ సహజమే.

సూపర్ మార్కెట్‌లో పనిచేసే అమ్మాయి కొన్నాళ్లు నన్ను దూరం నుంచే గమనించి, ఒకరోజు దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "మేడం, కొంటరా, చదువుతరా?"

చదువుతానని చెప్పలేక ఒక ఉప్పు ప్యాకెట్ కొన్నాను. నాతో బజారుకు రావడం మా ఆయన అప్పటికే మానేశారు.

సరిగ్గా అలాంటి రోజుల్లో మా వదిన వచ్చింది. ఆమె మా ఆయన అక్క. కారేపల్లి అవతల ఒక పల్లెలో వ్యవసాయం చేసుకుంటూ, మరికొందరు ఆడవాళ్లతో కలిసి ఇప్పపువ్వు లడ్డూలు చేస్తుంది. అడవి ఊళ్లవాళ్లు ఎండబెట్టిన పువ్వు తెచ్చి ఇస్తారు. దాన్ని వేయించి, పల్లీలు, నువ్వులు, బెల్లం, నెయ్యి కలిపి చుడతారు. ఖమ్మంలో మహిళా సంఘాల స్టాళ్లు పెడుతున్నారట, డబ్బాల మీద లేబుల్ కావాలట. ఇంట్లో చదువుకున్న మనిషిని పెట్టుకుని బయటివాళ్లను ఎందుకు అడగాలని వచ్చానంది.

నేను పండగ చేసుకున్నాను. అబద్ధం లేని లేబుల్ ఒకటి లోకానికి చూపించే అవకాశం దొరికింది. వేసినవన్నీ బరువు ప్రకారం వరసగా, పెద్ద అక్షరాల్లో తెలుగులో రాశాను. అన్నిటికంటే బెల్లమే ఎక్కువ కాబట్టి బెల్లమే ముందు నిలబడింది. షుగర్ ఉన్నవాళ్లు జాగ్రత్తగా తినాలని కింద ఒక వాక్యం చేర్చాను. వదిన దాన్ని మెల్లగా, మాట మాటా కూడబలుక్కుని చదివింది.

"ఇది లడ్డు డబ్బకేస్తరా పిల్లా, దవాఖానల గోడకేస్తరా?" అంది.

అయినా నా మాట కాదనలేక అదే అంటించింది. మొదటి రోజు సాయంత్రం నేను స్టాల్‌కు వెళ్లేసరికి డబ్బాలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. పక్క స్టాల్‌లో గ్లూటెన్ లేని బెల్లం అమ్ముతున్నారు. గ్లూటెన్ గోధుమల్లో ఉండేది, బెల్లంలో ఎప్పుడూ ఉండదు. కానీ జనం అది లేనందుకు ఎంతో సంతోషించి కొంటున్నారు. మా దగ్గర ఒకావిడ ఆగి లడ్డూ ఆర్గానిక్కేనా అని అడిగింది. ఇప్పచెట్టుకు ఎవరూ మందు కొట్టరని వదిన చెప్పింది. సర్టిఫికెట్ ఉందా అని ఆవిడ మళ్లీ అడిగింది. లేదనగానే డబ్బా కింద పెట్టి వెళ్లిపోయింది.

వదిన ఆ డబ్బాను మళ్లీ వరసలో పెట్టింది. రోజంతా నిలబడ్డ కాళ్లను కుర్చీలో చాపుకుని అడిగింది. "నీ నిజానికి ఏం కాకుండ, మాక్కూడ ఏమన్న అమ్ముడయ్యేటట్టు ఒక్క మాట ఉంటదా?"

ఉంది. అది నాకు బాగా తెలుసు. లడ్డూలో పడింది బెల్లం, చక్కెర పలుకు ఒక్కటీ పడలేదు. నా చేత్తోనే పెద్ద అక్షరాలతో రాశాను: "చక్కెర కలపలేదు". మర్నాడు మధ్యాహ్నానికి స్టాల్ ఖాళీ అవుతూ వచ్చింది. ఒక పెద్దాయన తనకు షుగర్ ఉందని చెప్పి మరీ డబ్బా తీసుకుంటుంటే నేను ఉండలేకపోయాను. ఇందులో బెల్లం చాలా ఉందని చెప్పాను. ఆయన నా అజ్ఞానానికి జాలిపడ్డారు. "బెల్లం నేచురల్ కదమ్మా" అని ఇంకో డబ్బా కూడా తీసుకున్నారు. వదిన నన్ను ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోమంది.

ఇంట్లో అత్తమ్మ ముందు ఒక డబ్బా తెరిచి ఉంది. పొద్దున కూతురు ఇచ్చి వెళ్లిందట. నేను నోరు తెరవకముందే మూత నా వైపు తిప్పింది.

"నీ రాతే కదా బిడ్డా" అంది.

ఆ రాత్రి మా ఇంట్లో చర్చ బాగానే జరిగింది. వదిన అమ్మకం గురించి, నేను అత్తమ్మ షుగర్ గురించి మాట్లాడాం. అత్తమ్మ మాత్రం లడ్డూ రుచి గురించి మాట్లాడింది. చివరికి వదినే దారి చూపింది. "చక్కెర కలపలేదు, బెల్లం కలిపినం" అని రెండు మాటలూ ఒకే సైజులో పక్కపక్కనే వేయాలంది. ఇప్పటికీ అదే లేబుల్. ఆ రెండో రోజంత జోరు లేదు గానీ, అమ్మకం సాగుతోంది. కొందరు చదివి నవ్వుకుని కొంటారు, కొందరు చదివి పెట్టేస్తారు. అత్తమ్మకు వారానికి ఒక లడ్డూ, నడిచి వచ్చాక. ఆమె నడక ఎదురింటి అరుగు దాకానే అయినా దాన్ని నేను లెక్కలోకి తీసుకుంటున్నాను.

మొన్న వైరా నుంచి ఇంకో సంఘంవాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. కారప్పొడికి లేబుల్ కావాలట. అందులో ఏమేం వేస్తారని అడిగాను. మిరపకాయలే అన్నారు. కాగితం తీసుకుని "మిరపకాయలు" అని రాసి ఇచ్చాను. వాళ్లు దాన్ని చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, కూర్చున్నచోట నుంచి లేవలేదు.

"ఇంకేమన్న రాయి మేడం" అంది వాళ్లలో పెద్దామె. "ఉట్టి మిరపకాయలంటే ఎవరు నమ్ముతరు?"